‘అంకుల్’ కాదు, పెదనాన్న

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఆఫ్రికా నవలల గురించే. పోయిన సంచికలో నైజీరియా రచయిత్రి బూచి ఎమెచెటా గురించి నాలుగు మాటలు రాశాను, బహుశా అదే కారణం. నల్లకుంటలో మా ఇంటి ముందుగదిలో మూడు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకరి ప్రశ్నకు సగం జవాబు ఇంకొకరి ఉత్తరంలో కనిపించింది. అందుకే మిగతావి వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ఎం.ఏ. ఇంగ్లిష్ చదువుతున్నాను. ఆధునిక ఆఫ్రికా నవలల్లో స్త్రీ పురుషుల పాత్రల మీద సెమినార్‌లో పేపర్ చదవాలి. ఏ వ్యాసం తీసినా పితృస్వామ్యం, అణచివేత అనే మాటలే. నేనూ అవే రాస్తే పేపర్ అయిపోతుంది. కానీ నవల చదివినప్పుడు నాకు కలిగిన బాధ ఆ మాటల్లో కనిపించడం లేదు. పైగా నైజీరియా రచయిత అచెబె ఆడవాళ్లను చిన్నచూపు చూశాడని కొందరు, కాదని కొందరు మా క్లాసులో రోజూ వాదన. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: తల్లీ, బాధ ఆ మాటల్లో కనిపించడం లేదని రాశావు చూడు, నీ పేపర్ అక్కడే మొదలవుతుంది. పితృస్వామ్యం అనే మాట తప్పేమీ కాదు. కానీ అది పెద్ద గోనెసంచి. పల్లెలో దుంపలు పండించే రైతు, లాగోస్‌లో దొరల బట్టలు ఉతికే మనిషి, మిషన్ బడి హెడ్‌మాస్టర్, ముగ్గురినీ అందులో వేసి మూతి కట్టేస్తే ఎవరేమిటో తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒక మహిళా డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. మొదటి ఆరేడేళ్లు నేనూ ఆ సంచే మోశాను. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరు ఏ పంట వేస్తున్నారు, సంపాదన ఎవరి చేతికి పోతోంది, ఎవరు ఎవరిని ఏ వరసతో పిలుస్తున్నారు. ఈ మూడు కనిపించినచోటల్లా పెన్సిల్‌తో గీత గీసుకుంటూ చదవడం. వరసల సంగతి మనకు తెలిసినంతగా ఇంగ్లిష్‌కు తెలియదు. మన భాషలో చదువుకున్నదాన్ని ఇక్కడ ధైర్యంగా వాడుకో.

అచెబె 1958 నాటి నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ తీసుకో. ఆ ఊళ్లో పెండలం మగవాళ్ల పంట, పంటలకు రాజు. చేమగడ్డలు, చిక్కుళ్లు, కర్రపెండలం ఆడవాళ్ల పంటలు. యామ్, కాసావా అని చదివితే ఏవో తెలియని దుంపలు అనుకుని దాటేస్తాం. పెండలం, కర్రపెండలం అనుకుంటే చేలో గట్టు కనిపిస్తుంది. కథానాయకుడు ఒకొంక్వో. అతని తండ్రి ఉనోకా పిల్లనగ్రోవి ఊదుకుంటూ, అప్పులు చేసుకుంటూ బతికినవాడు. ఒకరోజు తోటి పిల్లవాడు ‘మీ నాన్న అగ్బాల’ అంటాడు. ఆ మాటకు ఆడది అని ఒక అర్థం, ఏ బిరుదూ సంపాదించని మగవాడు అని ఇంకో అర్థం. ఒకొంక్వో జీవితమంతా ఆ ఒక్క మాట నుంచి పరుగెత్తడమే. మెత్తగా ఉంటే ఎక్కడ ఆడదానివంటారో అని భయం. ఆ భయంతోనే, తన ఇంట్లో పెరిగి, తనను నాన్నా అని పిలిచిన కుర్రవాడు ఇకెమెఫునా మీద కత్తి దించుతాడు.

మరి ఆ ఊరి దేవత పేరేమిటో గమనించావా? అగ్బాలే! ఆ దేవత పూజారిణి చియెలో మామూలు రోజుల్లో ఇద్దరు పిల్లల వితంతువు, సంతలో ఒకొంక్వో రెండో భార్య ఎక్వేఫితో కలిసి ఒకే పాకలో సరుకు అమ్ముకుంటుంది. ఒకరాత్రి ఆమెకు పూనకం వచ్చి, ఒకొంక్వో కూతురు ఎజిన్మాను వీపున వేసుకుని గుహలకు తీసుకుపోతుంటే, ఊరంతా చూసి వణికిపోయే ఒకొంక్వో బతిమాలుకుంటాడే తప్ప ఆపలేడు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి జాతరలో, బోనాల మర్నాడు రంగం చెప్పే అమ్మాయిని చూసిన మనకు ఇది వివరించనక్కర్లేదు. పచ్చికుండ మీద నిలబడి ఆమె మాట్లాడుతుంటే మంత్రులు కూడా చేతులు కట్టుకుని వింటారు. మర్నాటి నుంచి ఆమె మళ్లీ మామూలు మనిషే. ఆడది, ఓడిన మగవాడు, దేవత. మూడింటికీ ఒకే మాట వాడే ఊరిని అచెబె మన ముందు పెట్టాడు. ఒకొంక్వోకు వాటిలో రెండు అర్థాలే వినిపించాయి. ఆ తేడా అచెబెకు తెలుసు. కాబట్టి ఆడవాళ్లను చిన్నచూపు చూసింది ఒకొంక్వో, అచెబె కాదని నేను నమ్ముతాను.

అలాగని మీ క్లాసులో రెండో పక్షాన్ని తోసెయ్యకు. ఒకొంక్వో పెద్దభార్యకు నవలంతటా పేరు లేదు, ‘న్వోయె వాళ్ల అమ్మ’ అంతే. మన వాడల్లో ఎంతమంది పెద్దవాళ్ల అసలు పేరు రేషన్ కార్డు తీస్తే తప్ప తెలియదో నీకు తెలుసు. అచెబె ఆ గుడిసెల లోపలికి వెళ్లలేదు. వెళ్లే పని తర్వాత వచ్చిన ఆడవాళ్లు చేశారు. ఈ రెండు విషయాలూ నీ పేపర్‌లో ఉండాలి.

ఇక ప్రవాసం. పొరపాటున తుపాకీ పేలి తన వంశం కుర్రవాడు చనిపోతే ఒకొంక్వో ఏడేళ్లు ఊరు వదలాలి. తెలియక చేసిన నేరాన్ని అక్కడ ‘ఆడ నేరం’ అంటారు, అందుకే శిక్ష ఏడేళ్లే. ఎక్కడికి పోయాడు? వ్యాసాల్లో ‘తల్లి తరఫు బంధువుల దగ్గరికి’ అని ఉంటుంది. అంత పొడుగు మాట మనకెందుకు? మేనమామ ఇంటికి పోయాడు. ఉచెందు అతని తల్లికి స్వయానా తమ్ముడు. ఆమె చనిపోయినప్పుడు శవాన్ని పుట్టింటి నేలకు తెస్తే దించుకున్నవాడు. ఆయన అందరినీ కూర్చోబెట్టి అడుగుతాడు: ఇంటికి పెద్ద మగవాడే కదా, మరి మన పిల్లలకు న్నెకా అని, ‘తల్లే గొప్ప’ అని ఎందుకు పేరు పెడతాం? ఒకొంక్వోకు జవాబు తెలియదు. ఆయనే చెబుతాడు. సుఖంగా ఉన్నప్పుడు మనిషి తండ్రి ఊరివాడు, కష్టం వస్తే తల్లి ఊరు కాపాడుతుంది. తండ్రి కొట్టిన పిల్లవాడు తల్లి గుడిసెలోకే కదా పరుగెత్తేది, అంటాడు.

ఎంత మంచి మాట! కానీ ఆ ‘తల్లే గొప్ప’ అన్నమాటకు తల్లి చెల్లించే ధర ఎంత అని అడిగినవాళ్లు ఆడవాళ్లు. ఫ్లోరా న్వాపా ‘ఎఫూరు’ 1966లో వచ్చింది. ఇంగ్లిష్‌లో అచ్చయిన మొదటి నైజీరియన్ రచయిత్రి నవల అది. ఎఫూరు వ్యాపారంలో చేయి పెడితే లాభమే. ఇద్దరు భర్తలూ ఆమెకు తగినవాళ్లు కారు, ఒక్కగానొక్క బిడ్డ చనిపోతుంది. చివరికి సరస్సు దేవత ఉహమిరి భక్తురాలవుతుంది. ఆ దేవత సంపద ఇస్తుంది, సంతానం ఇవ్వదు. తల్లి కావడంలోని ఆనందం ఎరగని ఈ దేవతను ఆడవాళ్లు ఎందుకు కొలుస్తున్నారు అన్న ప్రశ్నతో నవల ఆగిపోతుంది.

పదమూడేళ్ల తర్వాత, 1979లో, బూచి ఎమెచెటా ఆ చివరి వాక్యంలోని మాటల్నే తన నవలకు పేరుగా పెట్టుకుంది. ‘ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్’. ఎమెచెటా గురించి ఒక్క సంగతి చెప్పాలి. లండన్‌లో ఆమె రాసుకున్న మొదటి రాతప్రతిని భర్త తగలబెట్టాడు. ఐదుగురు పిల్లలతో బయటికొచ్చి, ఉద్యోగం చేసుకుంటూ, డిగ్రీ చదువుకుంటూ మళ్లీ రాసింది. ఆ నవలలో కథానాయిక న్ను ఈగో బిడ్డల కోసమే బతుకుతుంది. ఒక కొడుకు అమెరికాలో, ఇంకొకడు కెనడాలో. ఆమె మాత్రం ఒకరాత్రి దారి పక్కన పడుకుని, పట్టుకోవడానికి ఒక్క చేయి లేకుండా చనిపోతుంది. తర్వాత కొడుకులు ఊళ్లో ఎన్నడూ చూడనంత ఘనంగా కర్మ చేస్తారు. గుడి కూడా కడతారు. పిల్లలు కావాలని మొక్కుకుంటే మాత్రం ఆమె ఇవ్వదు. నేను చివరిసారి ఈ పాఠం చెప్పిన ఏడాదే మా వీధిలో ఒక పెద్దావిడ పోయారు. కొడుకులిద్దరూ డల్లాస్ నుంచి మూడోరోజుకు దిగారు. పెద్దకర్మకు ఫంక్షన్ హాల్, నలభై రకాల వంటలు. నేను అన్నం కలపలేకపోయాను.

ఇంకొకటి చెబుతాను, ఇది నా సొంతం. మా అమ్మకు పెళ్లయిన ఏడేళ్లకు నేను పుట్టాను. జనగామ దగ్గర పల్లె. ఆ ఏడేళ్లు ఎవరింట్లో సీమంతమైనా అమ్మను గడప బయటే నిలబెట్టేవారట. ఆ తర్వాత అదే అమ్మ రెండు బర్రెల పాలు అమ్మి నన్ను హన్మకొండలో చదివించింది. ఆ పాల లెక్క రాసిన నోట్‌బుక్కులు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ‘ఎఫూరు’ చదివినప్పుడు నాకు సరస్సు దేవత కనిపించలేదు. పాలచెంబు పట్టుకుని, పేరంటానికి పిలుపు రాని గుమ్మాల ముందు నుంచి నడిచిపోయే అమ్మ కనిపించింది.

ఇప్పుడు నా శీర్షికలోని పెదనాన్న. జింబాబ్వే రచయిత్రి సిట్సి దంగారెంబ్గా ‘నెర్వస్ కండిషన్స్’ 1988లో వచ్చింది. అన్న చనిపోతే నాకు బాధ కలగలేదు అని తంబు అనే అమ్మాయి చెప్పడంతో మొదలవుతుంది. ఫీజుకు డబ్బు లేక తంబు చదువు ఆగిపోతే తండ్రి అంటాడు, పుస్తకాలు వండి నీ మొగుడికి పెడతావా అని. ఆ పిల్ల సొంతంగా మక్క చేను వేస్తుంది. కంకులు దొంగిలించి దోస్తులకు పంచింది ఎవరో కాదు, అన్న. అతను చనిపోయాకే ఆమెకు మిషన్ బడిలో చోటు దొరుకుతుంది.

ఆ బడి హెడ్‌మాస్టర్‌ను నవలంతా ‘బాబముకురు’ అంటారు. వ్యాసాల్లో అంకుల్ అని రాస్తారు. షోనా భాషలో బాబ అంటే నాన్న, ముకురు అంటే పెద్ద. అచ్చంగా పెదనాన్న! ఆయన భార్య మైగురు, అంటే పెద్దమ్మ. అంకుల్ అంటే సాయం చేసిన బంధువు. పెదనాన్న అంటే తండ్రి నోరెత్తలేని పెద్దరికం. తంబు తండ్రి ఆయన ముందు ఎందుకు అలా ఒదిగి ఉంటాడో, కృతజ్ఞత ఆ ఇంట్లో ఎంత బరువో ఆ ఒక్క వరసతో తెలిసిపోతుంది. పెద్దమ్మ కూడా ఇంగ్లండ్‌లో భర్తతో సమానంగా మాస్టర్స్ చేసింది. ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఆమె జీతమూ ఇంటికే పోతుంది, పేరు మాత్రం ఆయనకు. ఒకసారి అలిగి వెళ్లిపోతుంది. ఎక్కడికి? అన్నదమ్ముల ఇంటికి. ఐదు రోజుల్లో తిరిగొస్తుంది. ఒక మగవాడి ఇంటి నుంచి ఇంకో మగవాడి ఇంటికేనా అని కూతురు న్యాషా కుమిలిపోతుంది.

తొంభైల చివర్లో ఈ పాఠం చెబుతుంటే, భువనగిరి నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి లేచి నిలబడింది. పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఎం.ఏ. ఫీజుకని దాచుకున్న డబ్బు అన్న హాస్టల్‌కు కట్టేశారట. ‘మేడమ్, తంబుకు ఏడుపు రాలేదని పుస్తకంలో రాస్తే సాహిత్యం. మా అన్న మీద నాకు కోపం ఉందని నేనంటే పాపమా?’ అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు బెల్ కొట్టారు. నిజం చెప్పాలంటే బెల్ కొట్టకపోయినా నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న రాసుకున్న కాగితం ఇప్పటికీ ఆ పుస్తకంలోనే ఉంది. ఇవాళ అయితే, పాపం కాదమ్మా అని గట్టిగా చెబుతాను.

నువ్వు రాయగలిగింది ఈ వరసల మీద. ఒక్క ‘మేనమామ’ మీదే పది పేజీలు రావచ్చు. రాశాక నాకు పంపు, చదువుతాను.

ప్రశ్న: నేను బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. మా కోడలు ఇచ్చిందని రెండు మూడు ఆఫ్రికా రచయిత్రుల నవలలు చదివాను. మగవాళ్లందరినీ దుర్మార్గులుగానే చూపిస్తారేమిటండీ? – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కోడలు ఇచ్చిన పుస్తకాలు కూర్చుని చదివారంటేనే మీ మీద గౌరవం కలిగింది. అయితే మీ మాట ఒప్పుకోలేను. నైజీరియా రచయిత్రి చిమమాండ అడిచీ ‘పర్పుల్ హైబిస్కస్’ (2003)లో యూజీన్‌ను గుర్తు చేసుకోండి. సైనిక ప్రభుత్వానికి భయపడకుండా పత్రిక నడుపుతాడు, ఊరందరికీ ఫీజులు కడతాడు. ఇంట్లో మాత్రం భార్యను, పిల్లలను కొడతాడు. దెబ్బలు తిన్న ప్రతిసారీ ఆ భార్య అలమరలోని చిన్న చిన్న బొమ్మలను ఒక్కొక్కటే తుడుచుకుంటూ నిలబడుతుంది. అతన్ని దుర్మార్గుడని చెప్పి వదిలేస్తే రాయడం తేలిక. కూతురు అతన్ని ప్రేమిస్తుంది, అతని మెప్పు కోసం తపిస్తుంది. కష్టమైనది ఆ ప్రేమను రాయడం, అడిచీ అదే రాసింది.

లోలా షోనెయిన్ నవల ఒకటి 2010లో వచ్చింది. బాబా సెగి అనే ఆయనకు నలుగురు భార్యలు. చదువుకున్న నాలుగో భార్యకు పిల్లలు కలగలేదని ఆస్పత్రికి తీసుకుపోతాడు. పరీక్షలు చేస్తే లోపం ఆయనలోనే ఉందని తేలుతుంది. మరి మొదటి ముగ్గురి పిల్లలు? నవల అదే కాబట్టి నేను చెప్పను. ఒక్కటి మాత్రం ఆలోచించండి. మన భాషలో గొడ్రాలు అనే మాట ప్రతి పల్లెలో ఉంది. మగవాడికి అలాంటి మాట, నలుగురిలో విసిరే మాట, ఉందా? నేను చాలా వెతికాను. ఆ మాట లేకపోవడం వల్లే మగవాడు తన లోపాన్ని ఎవరితోనూ చెప్పుకోలేడు. బాబా సెగి ఏడుపు చదివితే నాకు జాలే కలిగింది.

మగ రచయితలను కూడా కలిపి చూడండి. సెనెగల్ రచయిత సెంబేన్ ఉస్మాన్, 1947–48 నాటి డాకర్–నైజర్ రైల్వే సమ్మె మీద 1960లో నవల రాశాడు. మగవాళ్లు సమ్మెలో ఉంటే నీళ్లు, తిండి కరువై ఇల్లు నెట్టుకొచ్చిన ఆడవాళ్లే చివరికి థియెస్ నుంచి డాకర్ దాకా నడిచి సమ్మెకు ఊపిరి పోస్తారు. కెన్యా రచయిత గూగీ జైలులో టాయిలెట్ కాగితం మీద గికుయు భాషలో రాసిన నవలలో, వరీంగా మొదట తన నల్లటి ఒంటిని చూసుకుని సిగ్గుపడే టైపిస్టు. తర్వాత ఇంజన్లు విప్పి బిగించే మెకానిక్ అవుతుంది. ఆ నవలను వరవరరావు గారు జైల్లో ఉండగానే తెలుగు చేశారు, ‘మట్టికాళ్ళ మహారాక్షసి’ అని. మీ కోడలికి అది మీరు కొనివ్వండి.

ప్రశ్న: అమ్మా, నేను గృహిణిని. స్త్రీవాదం మనకు పరాయి సరుకు, ఆఫ్రికా వాళ్లకూ తెల్లవాళ్లు నేర్పిందే అని మా ఆడబిడ్డ అంటుంది. నిజమేనా? నాకు ఎక్కువ చదివే తీరిక లేదు. ఒక్క పుస్తకం చెప్పండి. – కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: 1929 చివర్లో నైజీరియా తూర్పు ప్రాంతంలో, ఆబా చుట్టుపక్కల, వేలమంది ఇబో స్త్రీలు బ్రిటిష్ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. మగవాళ్ల మీద వేసిన పన్ను తమ మీదా వేస్తారేమో అన్న భయంతో మొదలైంది. సైనికులు కాల్పులు జరిపితే యాభై మందికి పైగా స్త్రీలు చనిపోయారు. వాళ్లకు తిరగబడటం తెల్లవాళ్లు నేర్పలేదు, తెల్లవాళ్ల మీదే తిరగబడ్డారు. మీ ఆడబిడ్డకు ఈ ఒక్కటి చెప్పండి.

నైజీరియాలోనే మాట్లాడే యొరుబా భాష సంగతి కూడా చెప్పండి. ఒయెరొంకె ఒయెవుమి అనే యొరుబా పరిశోధకురాలు 1997లో ఒక పుస్తకం రాశారు. ఆ భాషలో అతను, ఆమె అనే తేడా లేదు, ఇద్దరికీ ఒకే మాట. తోబుట్టువుల్లో పెద్దవాళ్లకు ఒక మాట, చిన్నవాళ్లకు ఒక మాట. అక్క, అన్న అనే తేడా లేదు. వయసే పెద్దరికమని, ఆడ మగ హెచ్చుతగ్గులు తర్వాత బలపడ్డాయని ఆమె వాదన. ఆ వాదనతో అందరూ ఏకీభవించరు. కానీ అది చదివాక నేను మన వ్యాకరణం తెరిచాను. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బర్రె వచ్చింది. ఏకవచనంలో సీతకూ బర్రెకూ క్రియ ఒకటే! నలుగురు ఆడవాళ్లు కలిసి వస్తేనే ‘వచ్చారు’ అవుతుంది. చిన్నప్పుడు మహత్తు, అమహత్తు అని బట్టీ పట్టినప్పుడు ఎవరూ ఇది ఆగి చూపించలేదు.

ఒక్క పుస్తకం అన్నారు కాబట్టి, సెనెగల్ రచయిత్రి మరియామా బా ‘సో లాంగ్ ఎ లెటర్’. ఫ్రెంచ్‌లో 1979లో వచ్చింది. వంద పేజీలు కూడా ఉండవు. పన్నెండు మంది పిల్లల తల్లి రమతులాయె, భర్త పోయాక, ముస్లిం వితంతువులు పాటించే ఇద్దత్‌లో కూర్చుని స్నేహితురాలికి రాసే ఉత్తరం. మన పాతబస్తీ వాళ్లకు చెప్పనక్కర్లేని నాలుగు నెలల పది రోజులు. ఆ భర్త, చనిపోవడానికి కొన్నేళ్ల ముందు, తన కూతురి స్నేహితురాలినే రెండో పెళ్లి చేసుకున్నాడు. రమతులాయె ఉండిపోయింది. స్నేహితురాలు ఐసతుకూ సవతి వస్తే ఆమె చీటీ రాసి పెట్టి వెళ్లిపోయింది, చదువుకుంది, ఉద్యోగం సంపాదించింది. ఉండిపోయినది తప్పు, వెళ్లిపోయినది ఒప్పు అని బా ఎక్కడా తీర్పు చెప్పదు. నలభయ్యో రోజు గడవగానే బావగారు వచ్చి, నిన్ను నేను చేసుకుంటానంటాడు. ముప్పై ఏళ్లు నోరెత్తని రమతులాయె అప్పుడు మాట్లాడిన మాటలు మీరే చదవాలి. భర్త కారు కొత్త భార్యకు పోయాక ఈమె పిల్లలతో బస్సుల్లో తిరుగుతుంటే, ఐసతు ఒక ఫియట్ కారు కొనిస్తుంది. ఆమె భయపడుతూ డ్రైవింగ్ నేర్చుకుంటుంది.

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత కాపీ దొరకవచ్చు, నాకు అక్కడే దొరికింది. దొరకకపోతే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి, నాది పంపిస్తాను. మార్జిన్లలో పెన్సిల్ గీతలు ఉంటాయి, అవి చూసి ఏమీ అనుకోకండి. మీ ఆడబిడ్డ కూడా చదివాక తిరిగి పంపితే చాలు.